తల్లి సీసా, పిడికెడు ఉప్పు

తల్లి సీసా పోయిన రోజు మా ఇంట్లో ఎవరూ గొంతు పెంచలేదు. అందుకే నాకు భయం వేసింది.

బూజు గదిలో చెక్క అరల మీద సంచులు వరసగా పడుకుని ఉన్నాయి. ఈపాటికి వాటిలో ప్రతి మెతుకూ తెల్లటి నూలు కప్పుకుని, ఆ నూలు మీద ఆకుపచ్చ పొడి పూసి ఉండాలి. ఒక్కదానిలోనూ ఏమీ లేదు. నింపినప్పటి అన్నం నింపినట్టే ఉంది.

మా అమ్మాయి ఒక్కో సంచినీ కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, దాని చోట దాన్ని మళ్లీ పడుకోబెడుతోంది. వీధిలో అందరూ దాన్ని బూజు డాక్టరు అంటారు. మొదట్లో వెక్కిరింపుగా అనేవారు. ఇప్పుడు కొత్తవాళ్లకి మా ఇల్లు గుర్తు చెప్పడానికి అంటున్నారు.

"ఇంకొన్నాళ్లు ఆగి చూద్దామా?" అన్నాను.

"ఈపాటికి పచ్చబడాలమ్మా. ఇంక ఆగి చూసేదేముంది?"

"పోనీ, తల్లి సీసా ఉందిగా. అందులోంచి మళ్లీ వేద్దువుగాని."

అది చేతిలో సంచి దించింది. ఫ్రిజ్జు తీసి, సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. తేలిగ్గా ఉంది. అడుగున మరక కూడా లేదు. పైన చీటీ మాత్రం అలాగే ఉంది. దాని మీద మా ఆయన గుండ్రటి అక్షరాలు: తల్లి. ఖాళీ చెయ్యకూడదు.

"మొత్తం పోసేశావా?"

"గొడుగు పెద్దాయనకి మాటిచ్చాం కదా. ఆయన పొలమంతటికీ సరిపోవాలని కడిగి మరీ పోశాను. సంచులు పచ్చబడ్డాక వాటిలోంచే మళ్లీ తల్లిని తీద్దామనుకున్నాను."

నేను సీసాని చేత్తో తుడిచాను. తుడవడానికి దాని మీద దుమ్మేమీ లేదు.

అది దుకాణాల్లో పొట్లాలు కట్టి అమ్మే బూజు కాదు. గొడుగు పెద్దాయన బంగాళాదుంపలు వేస్తాడు. బోరు నీళ్లు ఉప్పెక్కి, ఆయన పొలం ఒక చివర మట్టి తెల్లగా పొరలు కడుతుంది. ఆ చివరే మా ఆయనకి చచ్చిన వేరుపురుగు ఒకటి కనిపించింది. దాని ఒళ్లంతా పచ్చటి పొడి. అగ్గిపెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చారు. ఆ పొడి బూజు. వేళ్లని కొరికే పురుగు ఒంట్లోకి దూరి, దాన్ని లోపలినుంచి తినేస్తుంది. మొక్క జోలికి పోదు. ఇలాంటి బూజులు ఇంకా ఉన్నాయి గాని, చాలావాటికి ఉప్పు తగిలితే మొలకే రాదు. ఇది ఆ ఉప్పులోనే దొరికింది. ఆయన దాన్ని అన్నం మీద పెంచి, సీసాలో దాచి, ఏళ్ల తరబడి నిలబెట్టారు.

ఆయన పోయాక, ఆయన చేతి మీదుగా ఈ ఇంట్లో ఇంకా బతుకుతున్నది అదొక్కటే.

అమ్మాయి ఆ పొద్దుటే మా దగ్గర బూజు తీసుకున్న వాళ్లందరికీ ఫోన్లు చేసింది. ఎవరి దగ్గరా ఒక్క పొట్లం మిగల్లేదు. మంచి విత్తనం అని చెప్పి ఇచ్చాం కదా, అందరూ శ్రద్ధగా చల్లేసుకున్నారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా నీళ్లు ఎందుకు చెడ్డాయి, బియ్యం ఎందుకు చెడ్డాయి అనే ఆలోచిస్తోంది అది. ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"అన్నం ఉప్పగా ఉంది నానమ్మా."

"బూజుకి ఎంత వేశానో నీకూ అంతే వేశాను," అన్నారు అత్తయ్య. "అది నీలాగా వంకలు పెట్టలేదు."

నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"దేనికి వేశావు?" అని అడిగింది అమ్మాయి, చాలా నెమ్మదిగా.

"బూజుకే. ఆ బియ్యం ఉడకబెట్టమని నాకే కదా చెప్పావు."

మా ఇంట్లో అన్నం ఉడికేటప్పుడే ఎసట్లో ఉప్పు పడుతుంది. అది అత్తయ్య పుట్టింటి అలవాటు. బూజు కోసం పెట్టే బియ్యం మాత్రం ఆయన వేరే గిన్నెలో తానే ఉడకబెట్టుకునేవారు. తరువాత అమ్మాయి. ఈసారి సంచులు చాలా ఉన్నాయి, నేనూ ఒక చెయ్యి వేస్తానని అత్తయ్య ముందుకొస్తే ఇద్దరం సంతోషించాం.

"ఉప్పు ఎందుకు వేశావు నానమ్మా?"

"వెయ్యొద్దని చెప్పావా?"

"వెయ్యమని చెప్పానా?"

"అన్నం వండమన్నాక ఉప్పు సంగతి వేరే చెప్తారా ఎవరైనా? కూర వండమంటే పొయ్యి వెలిగించమని కూడా చెప్తావా?"

"అది బూజు నానమ్మా."

"అయితే ఏం? చప్పిడి తిండి పెట్టి దాన్ని పొలం పనికి పంపిస్తావా?"

ఇంకో రోజైతే నవ్వేవాళ్లమే. అమ్మాయి కంచం పక్కకి జరిపి లేచింది. అత్తయ్య వెనకనుంచి అన్నారు: "చెయ్యి కడుక్కునేటప్పుడు చూసుకో, ఆ నీళ్లలో కూడా వేశానేమో."

ఆ మాటతో ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి.

తరువాతి రోజులు నా పని పెరిగింది. బళ్లో పొద్దంతా పిల్లల మాటలు ఆపించి వచ్చి, ఇంట్లో వీళ్లిద్దరి మాటలూ మొయ్యడం. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే బల్లకి రెండు వైపులా కూర్చుని నాతోనే మాట్లాడేవారు. అత్తయ్యకి ఇప్పటికీ నేను అమ్మాయినే.

"అమ్మా, నానమ్మ మాత్ర వేసుకుందేమో అడుగు."

"అమ్మాయ్, వేసుకున్నానని చెప్పు. అందులో మాత్రం ఉప్పు లేదని కూడా చెప్పు."

"అమ్మా, ఆ సంచులు గదిలోంచి తీసి పారెయ్యి. నేను చూడలేను."

"అమ్మాయ్, పారెయ్యొద్దని చెప్పు. అన్నం పారేసే ఇల్లు కాదిది."

రెండూ విన్నాను. సంచులన్నీ రెండు బుట్టల్లో సర్ది, పెరట్లో మెట్ల కింద పెట్టాను. పారెయ్యడానికి తీరిక దొరకలేదని అనుకున్నాను. ఆదివారం వచ్చింది, తీరిక దొరికింది. బుట్టలు అక్కడే ఉన్నాయి.

గొడుగు పెద్దాయన ఆ వారంలోనే వచ్చాడు. ఎండకీ వానకీ కాదు, మట్టి పొడిచి చూడడానికి ఆయనకి ఆ గొడుగు. దాని కొన ఎప్పుడూ బురదగానే ఉంటుంది. గుమ్మం బయటే కడుక్కుని లోపలికొచ్చాడు.

అమ్మాయి ఏదీ దాచలేదు. బూజు రాలేదని, తల్లి సీసా కూడా పోయిందని చెప్పింది. ఉప్పు సంగతి చెప్పబోయి, అత్తయ్య వైపు చూసి, ఆపేసింది. దాని మీద నాకు గౌరవం కలిగింది.

"నేనే ఉప్పు వేశాను," అన్నారు అత్తయ్య, దాని సాయం అక్కర్లేనట్టు.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "నా బోరు కూడా ఆ పనే చేస్తోంది పెద్దమ్మా. దాన్ని ఏమన్నానని మిమ్మల్ని అంటాను?"

అమ్మాయి తల వంచుకుని ఉంది. "మీ పక్కవాళ్లు ఏమంటున్నారు?"

"విషం మందు పోస్తున్నారు. నన్నూ పొయ్యమంటున్నారు. కొన్నాళ్లు ఆగుతానన్నాను." గొడుగు అటూ ఇటూ తిప్పాడు. "దుంపలు ఆగుతాయో లేదో వాటిని అడగాలి."

వెళ్తూ వెళ్తూ, మా ఆయన కూర్చునే ఎత్తు పీట ఉండే చోటికేసి ఒకసారి చూశాడు. పీట అక్కడ లేదు. నేనూ అప్పుడే గమనించాను.

అది ఎక్కడికి పోయిందో తరువాత ఒక సాయంత్రం తెలిసింది. బడినుంచి వచ్చి బకెట్టు కోసం పెరట్లోకి వెళ్తే, మెట్ల కింద ఆ పీట మీద అత్తయ్య కూర్చుని ఉన్నారు. ఎదురుగా బుట్టలు. సంచులతో మాట్లాడుతున్నారు.

"ఉప్పు వేస్తే తినవా? వాడు తినేవాడు. వాడు పెంచినవి మీరు, మీకెక్కడినుంచి వచ్చాయి ఈ వేషాలు?"

నేను వెనక్కి అడుగు వేశాను. ఆవిడ తల తిప్పకుండానే అన్నారు: "వెళ్లకు అమ్మాయ్. ఇటు రా. నా కళ్లు సరిగా ఆనవు. ఇది మాసిందా, మొలిచిందా?"

ఆవిడ చేతిలో ఉన్న సంచి తీసుకుని వెలుతురులో పెట్టాను. ఒక మూల మెతుకుల మధ్య తెల్లటి పోగులు. నిన్నో మొన్నో మొదలైనవి. దుమ్ము కావచ్చనుకుని సంచిని తట్టాను. కదల్లేదు. బుట్ట అడుగున ఇంకొకటి దొరికింది. దాని మధ్యలో చిన్న బిళ్లంత మేర పచ్చబడింది.

"పచ్చగా ఉంది అత్తయ్యా."

"నువ్వు తెలుపో పచ్చో సరిగా చూసి చెప్పు. నాకు ఆశ పెట్టకు."

"పచ్చే."

ఆవిడ పీట మీదనుంచి లేచి, ఇంట్లోకి వినపడేలా పిలిచారు. ఇన్నాళ్లలో మొదటిసారి నా ద్వారా కాకుండా. "ఏమే, బూజు డాక్టరూ! ఎంగిలి చేతులైనా సరే రా."

అమ్మాయి వచ్చింది. భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. దాని మొహం వెలగలేదు.

"నానమ్మా, వంటింట్లో రొట్టె మీద వచ్చే బూజు కూడా పచ్చగానే ఉంటుంది. ఉప్పు ఉంటే దానికి ఇంకా హాయి. గిన్నెలోంచో గాలిలోంచో పడి ఉండొచ్చు."

"వాడి బూజు నాకు తెలీదా?"

"భూతద్దానికే తెలీడం లేదు, నీకెలా తెలుస్తుంది?"

"భూతద్దం వాణ్ణి కన్నదా?"

అమ్మాయి భూతద్దం దించింది. మెల్లగా అంది: "నాకూ నాన్నదే కావాలని ఉంది నానమ్మా. అందుకే నమ్మడానికి భయంగా ఉంది. పురుగే చెప్పాలి. నాన్న బూజైతే బతికున్న పురుగుని పడగొడుతుంది. వంటింటి బూజు పడగొట్టలేదు."

"అయితే పురుగుని పిలిపించు," అన్నారు అత్తయ్య, డాక్టరుని పిలిపించమన్నట్టు.

మర్నాడు పెద్దాయన రెండు డబ్బాలు పట్టుకుని వచ్చాడు. ఒకదానిలో లావుపాటి తెల్లటి వేరుపురుగులు వంకర్లు తిరిగి ఉన్నాయి. రెండోదానిలో ఆయన పొలం చివరి మట్టి, అంచులకి ఉప్పు కట్టి.

"బాగా మేపి తెచ్చాను డాక్టరమ్మా. ఒక్కోటీ నా దుంపలు పావువంతు తినుంటుంది."

అమ్మాయి మూడు కుండీలు పెట్టింది. ఒకదానిలో మా పెరటి మట్టి, పచ్చబడ్డ అన్నం, పురుగులు. రెండోదానిలో అవే, కాని మట్టి పెద్దాయనది. మూడోదానిలో పెరటి మట్టి, పురుగులు, బూజు లేదు. మూడింటిలోనూ తినడానికి దుంప ముక్కలు వేసింది. మూడోదాన్ని చూసి అత్తయ్య, "ఇవి చుట్టపుచూపుగా వచ్చినవా?" అని అడిగారు.

"రెండో కుండీ నేను లేకుండా తవ్వకండి," అన్నాడు పెద్దాయన. "అది నా మట్టి. మంచైనా చెడైనా నా కళ్లతో చూడాలి."

"మీరు వచ్చాకే," అని మాటిచ్చింది అమ్మాయి.

ఇంక చెయ్యగలిగింది ఏమీ లేదు. చెయ్యగలిగింది ఏమీ లేనప్పుడు ఊరుకోవడం మా అమ్మాయికి చేతకాదు. కాటా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది.

"నానమ్మా, ఆ రోజు గిన్నెకి ఎంత ఉప్పు వేశావు?"

"చేతికి వచ్చినంత."

"అదే ఎంత? ఇది నాన్నదే అయితే, ఎంత ఉప్పులో ఇంత ఆలస్యంగా మొలిచిందో నాకు తెలియాలి. ఇన్నేళ్లూ చప్పటి అన్నం తిని ఉప్పు ఓర్చుకోవడం మరిచిపోయిందేమోనని నాన్నకి అనుమానం ఉండేది. చూద్దాం చూద్దామంటూనే..." ఆపేసింది. "వెయ్యి. ఈ పళ్లెంలో వెయ్యి."

అత్తయ్య ఉప్పు జాడీలో చెయ్యి పెట్టి పిడికెడు వేశారు. అమ్మాయి అంకె చూసింది. "మళ్లీ వెయ్యి." మళ్లీ వేశారు. మొదటిదానికి సగమే వచ్చింది. మూడోసారి రెండింటికీ మధ్యలో ఎక్కడో వచ్చింది.

"ఒక్కసారైనా ఒకేలా వెయ్యవా?"

"నేను దుకాణం నడపలేదు, ఇల్లు నడిపాను. కోపంలో ఎక్కువ పడుతుంది, తొందరలో తక్కువ పడుతుంది. మీ తాతకి తెలుసు, కూర నోట్లో పెట్టుకోగానే చెప్పేవాడు ఆ పూట నా సంగతి ఏమిటో."

"అయితే ఆ రోజు కోపంగా ఉన్నావా, తొందరలో ఉన్నావా?"

అత్తయ్య చేతికంటిన ఉప్పు దులుపుకున్నారు. "ఏదీ కాదు. పాట పాడుకుంటున్నాను."

ఆయన పోయాక ఈ ఇంట్లో అత్తయ్య పాట నేను వినలేదు. ఆ రోజు నేను బళ్లో ఉన్నాను.

"వాడి గిన్నె చేతికి వచ్చింది," అన్నారు ఆవిడ, కొంచెం సిగ్గుపడుతూ. "ఊరికే అలా వచ్చేసింది."

అమ్మాయి కాటా పళ్లెం ఖాళీ చేసింది. "అయితే పాడుతూ వెయ్యి. లేకపోతే లెక్క తేలదు."

"నీకు మతి పోయింది."

"నీ ఉప్పు వల్లే పోయింది. పాడు."

ఆవిడ పాడారు. మొదట నోట్లోనే, తరువాత కొంచెం పైకి. మాటలు సగం మరిచిపోయి, ఆ చోట్ల గొణుగుతూ. పాడుతూ వేసిన పిడికిలి ప్రతిసారీ కాటా మీద ఇంచుమించు ఒకేలా తూగింది. అమ్మాయి అంకె చూసి పగలబడి నవ్వింది. అత్తయ్య పాట ఆపకుండానే దాని నెత్తి మీద ఉప్పు చేత్తో ఒక్కటిచ్చారు. నేను వాళ్లిద్దరినీ చూస్తూ, చేతిలో తువ్వాలు పట్టుకుని, ఏం తుడవాలో తెలియక నిలబడ్డాను.

ఇంట్లో మాటలు మళ్లీ నేరుగా నడవసాగాయి. నాకు పని తగ్గింది.

కొన్నాళ్లకి మొదటి కుండీ తవ్వే రోజు వచ్చింది. బడికి సగం పూట సెలవు పెట్టాను. ఎందుకని ప్రధానోపాధ్యాయురాలు అడిగితే, ఇంట్లో పురుగుల పని ఉందన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

అమ్మాయి ముందు బూజు లేని మూడో కుండీ తిరగేసింది. పురుగులు దుంప ముక్కలన్నీ తినేసి, బలంగా, హాయిగా ఉన్నాయి. "చుట్టాలు బాగున్నారు," అన్నారు అత్తయ్య.

తరువాత మొదటి కుండీ. చెంచాతో మట్టి పక్కకి తీస్తూ వెళ్లింది. ఏమీ కనిపించలేదు. ఇంకొంచెం తీసింది. ఒక పురుగు బయటపడింది. వంకర తిరిగి, కర్రముక్కలా బిగిసి ఉంది. కుళ్లలేదు, నల్లబడలేదు. కణుపుల సందుల్లోంచి తెల్లటి నూలు వచ్చింది. నూలు మీద, ఒక వైపంతా, పచ్చటి పొడి.

అమ్మాయి ఇంకో పురుగు తీసింది, ఇంకొకటి. అన్నీ అలాగే ఉన్నాయి. మొదటిదాన్ని అరచేతిలో పెట్టుకుని నాకు చూపించింది. ఆయన అగ్గిపెట్టె తెరిచి చూపించినప్పుడు కూడా నేను ఇలాగే వంగి చూశాను. అప్పుడు ఛీ అన్నాను. ఇప్పుడు చెయ్యి చాచాను.

"నాన్నదేనమ్మా," అంది.

"నేను చెప్పలేదూ?" అన్నారు అత్తయ్య. అని, ఎవరూ అడగకుండానే అందరికీ టీ పెట్టడానికి లేచారు. ఆ టీలో పంచదార పడిందో లేదో మేము చూసుకోలేదు. బాగుంది.

సాయంత్రం లోపల అమ్మాయి ఆ పచ్చ పొడి గీకి రెండు సీసాల్లోకి ఎక్కించింది. ఒకటి పాత సీసా. బాగా ఉడకబెట్టి ఆరబెట్టి, తీసి ఉంచిన చీటీ మళ్లీ దానికే అంటించింది. రెండోది కొత్తది. అది మా ఇంట్లో ఉండదు, పెద్దాయన ఇంటికి వెళ్తుంది. ఇకమీదట తల్లి ఒక్కచోటే ఉండకూడదని ముగ్గురం అనుకున్నాం. రెండో సీసాకి చీటీ నన్ను రాయమంది. మంచి మాటలు ఏవైనా వెతుకుదామని చాలాసేపు కూర్చున్నాను. చివరికి ఆయన రాసినవే రాశాను. మార్చడానికి వాటిలో ఒక్క అక్షరం కూడా దొరకలేదు.

పెద్దాయనకి ఫోను చేసి చెప్తే ముందు ముక్కు చీదుకున్న చప్పుడు వచ్చింది.

"పోన్లే, సారు బతికే ఉన్నాడు," అన్నాడు, మా ఆయన్ని తలుచుకుని. వెంటనే, "నా మట్టి కుండీ?" అని అడిగాడు.

"ముట్టుకోలేదు," అంది అమ్మాయి. "మీ మట్టిలో ఉప్పు నానమ్మ పిడికిలి కంటే ఎక్కువే ఉంది. అక్కడ ఏం జరిగిందో నేను ముందే చెప్పలేను. తొందరగా రండి."

"పక్కవాళ్లు రేపు మా గట్టుదాకా మందు పోస్తారట. నాకూ కలిపి తెప్పించారు. పొద్దున్నే వచ్చి చూసుకుని, ఆ తరువాత వాళ్లకి పొయ్యమనో వద్దనో చెప్తాను."

అత్తయ్య రెండో కుండీ చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఒకసారి చెంచా కూడా పట్టుకున్నారు. అమ్మాయి చెంచా తీసుకుని, కుండీ మీద పళ్లెం బోర్లించి, పళ్లెం మీద ఉప్పు జాడీ బరువు పెట్టింది.

ఉప్పు మట్టి కుండీ ఇంకా తవ్వి చూడలేదు.